చాలులోనా, బోదె మీదా?

అరికాలిలో నల్లమచ్చ కనిపిస్తే సిక్కోలు పల్లెల్లో ముందు ముల్లనే అనుకుంటారు. చెప్పుల్లేకుండా పొలాల్లో, ఇసుకలో తిరిగే కాళ్లకు అది సబబైన అనుమానమే. చాలాసార్లు అది ముల్లో, కమిలిన రక్తమో, మామూలు పుట్టుమచ్చో అవుతుంది. అరుదుగా మాత్రం మెలనోమా, అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. చామనఛాయ, నల్లని ఛాయ వాళ్లకు అది వస్తే ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోరు కింద వస్తుంది.

చర్మవైద్యులు వాడే డెర్మోస్కోప్ సుమారు పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, దానికో చిన్న దీపం. చర్మం పైపొర మీది మెరుపు వల్ల కింద ఏముందో మన కంటికి ఆనదు. పోలరైజ్డ్ వెలుతురుతోనో, జెల్ రాసి అద్దం ఆనించో ఆ మెరుపు లేకుండా చేస్తే లోపలి రంగు బయటపడుతుంది. చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. ఆ ఒకే మెలనిన్ పైపొరలో ఉంటే నల్లగా, కాస్త కిందుంటే గోధుమరంగులో, ఇంకా లోతుకు పోతే బూడిదగా, నీలంగా కనిపిస్తుంది. రంగును బట్టే లోతు తెలిసిపోతుందన్నమాట.

అరికాలిని ఆ అద్దంలో చూస్తే చెరకు తోటలోలాగే బోదెలు (ఎత్తు గట్లు), వాటి మధ్య చాళ్లు (పల్లపు గీతలు) బారులు తీరి ఉంటాయి. చెమట రంధ్రాలు తెల్లటి చుక్కలుగా బోదెల నడినెత్తినే ఉంటాయి, ఏది బోదో పోల్చుకోవడానికి అవే గుర్తు. మామూలు పుట్టుమచ్చలో రంగు చాళ్ల వెంట సన్నటి గీతలుగా సాగుతుంది. మెలనోమాలో తొలిదశ నుంచే బోదెల మీద పట్టీలుగా పరుచుకుంటుంది. 2004లో జపాన్ వైద్యుడు తోషియాకి సయిదా బృందం లెక్క కట్టి చూస్తే మెలనోమాల్లో 86 శాతానికి ఈ బోదె నమూనా ఉంది. మెలనోమా కాని మచ్చల్లో 99 శాతానికి లేదు. ఇంత చిన్న పరికరానికి ఇది తక్కువ సంగతేం కాదు.

తిరకాసు మడమ దగ్గరుంది. ఒంటి బరువు పడి అక్కడ రంగు పక్కకు ఒరుగుతుంది, గీతలు చాళ్లనూ బోదెలనూ అడ్డంగా దాటేస్తాయి. అయోమయమైతే మచ్చ మీద సిరా పూసి తుడిచేస్తారు. చాళ్లలో మిగిలిన సిరాతో మచ్చ గీతల్ని సరిపోల్చుకుంటారు. ఖరీదైన అద్దానికి సిరా సాయం రావడం నాకు భలే నచ్చింది!

బోదెల మీద రంగు కనిపించినంత మాత్రాన క్యాన్సర్ అనుకోనక్కర్లేదు. కమిలిన రక్తం, జుట్టుకు వేసే రంగు కూడా అలాగే పట్టుకుంటాయి. పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల అరచేతులు పెంకు నూనెకు నల్లబడిపోతాయి. అందుకే "ఏం పని చేస్తావమ్మా?" అన్న ప్రశ్న అద్దం కన్నా ముందు రావాలి. పైపొరలో గడ్డకట్టిన రక్తమైతే బ్లేడుతో పలచగా గీకితే ఊడొస్తుంది.

ఇవేవీ కాని బోదె నమూనా ఉంటే జపాన్ పద్ధతిలో సైజు చూడరు, ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. నమూనా ఎటూ తేలకపోతే 7 మిల్లీమీటర్లు దాటిన మచ్చను పంపుతారు, అంతకన్నా చిన్నదాన్ని కొన్ని నెలలకోసారి మళ్లీ చూస్తారు.