బొగ్గు అడగకుండా చేసిపెట్టిన పనులు

ఇళ్లు, వాహనాలు, కర్మాగారాలు చివరికి వాడుకునే శక్తిలో (దీన్నే తుది శక్తి అంటారు) ప్రపంచవ్యాప్తంగా కరెంటు వాటా దాదాపు ఐదో వంతే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నేరుగా మండించేదే. వాహనాల్లో పెట్రోలు, కొలిముల్లో బొగ్గు, చలిదేశాల ఇళ్లలో గ్యాసు. కార్బన్ ఉద్గారాలు తగ్గించడానికి ఇదంతా గాలి, ఎండల కరెంటు మీదికి రావాలంటే ఇప్పటికి ఐదు రెట్ల ఉత్పత్తి కావాలని భయపెట్టేవాళ్లున్నారు. అంత అవసరం లేదు. పెట్రోలు ఇంజన్ తాగిన ఇంధనంలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగా పోతుంది. మంచి విద్యుత్ మోటారు పదో వంతు కూడా వృథా చేయదు. హీట్ పంపు ఒక యూనిట్ కరెంటుతో బయటి గాలిలోని వేడిని లాగి, ఇంట్లోకి సుమారు మూడు యూనిట్ల వేడిని చేరుస్తుంది.

ఎంత కరెంటు కావాలన్నదానికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే ఉంది. బొగ్గు ఇంతకాలం చడీచప్పుడు లేకుండా చేసిపెట్టిన పనులు ఇక ఎవరు చేస్తారు?

నిల్వ వాటిలో ఒకటి. బొగ్గు కుప్ప నెలల తరబడి పడి ఉన్నా అవసరానికి పనికొస్తుంది. ఎండను పగటి నుంచి రాత్రికి దాచడం లిథియం బ్యాటరీలకు చేతనవుతుంది, వాటి ధరలూ బాగా తగ్గాయి. వేసవి ఎండను శీతాకాలానికి దాచడం మాత్రం వేరే సంగతి. ఏడాదికి ఒక్కసారి నింపి ఒక్కసారి వాడే బ్యాటరీకి పెట్టుబడి తిరిగి రాదు.

అంతకంటే కంటికి కనబడనిది ఇంకొకటుంది. గ్రిడ్‌లో ఉత్పత్తి, వాడకం క్షణక్షణం సరితూగాలి. ఉత్పత్తి తగ్గితే ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, 50 హెర్ట్జ్ నుంచి (కొన్ని దేశాల్లో 60 నుంచి) జారుతుంది. థర్మల్ కేంద్రాల్లో తిరిగే భారీ టర్బైన్లు, జనరేటర్లు తమ జడత్వంతో ఆ జారుడును కొన్ని సెకన్లు నెమ్మదింపజేస్తాయి. ఆలోగా మిగతా కేంద్రాలు లోటును అందుకుంటాయి. సౌరఫలకల్లో తిరిగే భాగమే లేదు. గాలిమరలు తిరిగినా, నేటి రకాలు ఎక్కువగా ఇన్వర్టర్లనే ఎలక్ట్రానిక్ పరికరాల ద్వారా గ్రిడ్‌తో కలుస్తాయి కాబట్టి ఆ ఊపు దానంతటది గ్రిడ్‌కు చేరదు.

ఆస్ట్రేలియాలోని దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రానికి ఇది అనుభవమే. 2016 సెప్టెంబరు 28న తుపాను అక్కడ విద్యుత్ టవర్లను కూల్చింది. వోల్టేజి పదేపదే పడిపోవడంతో కొన్ని గాలిమరలు తమ రక్షణ సెట్టింగుల ప్రకారం ఉత్పత్తి తగ్గించాయి. ఆ భారమంతా మీద పడిన అంతర్రాష్ట్ర లైను ట్రిప్ అయింది, రాష్ట్రమంతా చీకటైంది. గాలిమరలనే తిట్టినవాళ్లు చాలామంది. నిజానికి ఆ సెట్టింగులు మార్చగలిగినవే, మార్చారు కూడా. 2017లో భారీ బ్యాటరీ వచ్చింది. 2021 నాటికి నాలుగు సింక్రోనస్ కండెన్సర్లు చేరాయి. ఇవి ఇంధనం మండించవు, కరెంటు పుట్టించవు, గ్రిడ్‌తోపాటు ఊరికే తిరుగుతూ ఉంటాయి! బొగ్గు కేంద్రాలతో ఉచితంగా వచ్చిన ఊపును అలా విడిగా కొనుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు అక్కడి కరెంటులో సుమారు 70 శాతం గాలి, ఎండలదే.

కొన్నిచోట్ల కరెంటు ఒక్కటే చాలదు. సిమెంటు కొలిమిని కరెంటుతో వేడిచేసినా, కాలే సున్నపురాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా దానివే. విమాన ఇంధనం కిలోకు సుమారు 12 యూనిట్ల శక్తిని మోస్తే, లిథియం బ్యాటరీ మోసేది పావు యూనిట్ చుట్టుపక్కలే. అందుకే దూరప్రయాణాల కోసం కరెంటుతో హైడ్రోజన్ తీసి, దాంతో ద్రవ ఇంధనం తయారుచేయాలని చూస్తున్నారు. ఆ దారిలో పెట్టిన కరెంటులో దాదాపు సగం, ఇంధనం ట్యాంకుకు చేరకముందే ఖర్చయిపోతుంది.