మూడు నెలల ఇంజెక్షన్ ఆపేశాక గర్భం ఎప్పుడు వస్తుంది? అపోహలు - వాస్తవాలు

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘అంతర’ పేరుతో ఉచితంగా వేసే గర్భనిరోధక ఇంజెక్షన్‌లో ఉండే మందు డీఎంపీఏ (డిపో మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అసిటేట్), 150 మిల్లీగ్రాములు. కేంద్ర ప్రభుత్వం దీన్ని 2017లో తన కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్ చేయించుకునేవాళ్లే ఎక్కువ. ఇంజెక్షన్ వాడి, మానేసి, మళ్లీ బిడ్డను కన్న మనిషి వీధిలో వెతికినా దొరకడం కష్టం. అందుకే ఇంజెక్షన్ ఆపి ఆరు నెలలైనా నెల తప్పకపోతే చాలు, "ఆ సూది వల్లే కోడలికి ఏదో అయింది" అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. ఆ మాట పడే అమ్మాయికి అసలు విషయం తెలిసి ఉండాలి.

అపోహ: ఈ ఇంజెక్షన్ గర్భసంచిని పాడుచేస్తుంది. ఇక పిల్లలు పుట్టరు.

వాస్తవం: ఆలస్యం నిజం, శాశ్వత నష్టం అబద్ధం. ఈ మందు నీళ్లలా కరిగి ఉండదు. సన్నటి స్ఫటికాలుగా ద్రవంలో తేలుతూ ఉంటుంది. వేసే ముందు సీసాను బాగా కదిపేది అందుకే. జబ్బలోనో పిరుదులోనో కండలోకి వెళ్లాక ఆ స్ఫటికాలు కొద్దికొద్దిగా కరుగుతూ రక్తంలో కలుస్తాయి. రక్తంలో మందు తగినంత ఉన్నన్నాళ్లూ అండం విడుదల కమ్మని మెదడు నుంచి రావాల్సిన హార్మోన్ సంకేతం రాదు. అంతే తప్ప గర్భసంచికీ, ట్యూబులకూ, అండాశయంలోని అండాలకూ ఏమీ కాదు.

మూడు నెలలన్నది కచ్చితంగా రక్షణ ఇచ్చే గడువు. మందు పూర్తిగా పోయే గడువు కాదు. చాలామందిలో అది ఇంకొన్ని నెలలు పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ఇది మానినవాళ్లకు సగటున చివరి ఇంజెక్షన్ నుంచి 10 నెలలకు గర్భం వస్తుంది. మిగతా పద్ధతులు మానినవాళ్లతో పోలిస్తే దాదాపు 4 నెలలు ఎక్కువ. మందు తయారీదారు సమాచారపత్రంలో ఉన్న లెక్క ప్రకారం, పిల్లలు కావాలని ఇది ఆపిన స్త్రీలలో 12 నెలల్లో 68 శాతం మంది, 15 నెలల్లో 83 శాతం మంది, 18 నెలల్లో 93 శాతం మంది గర్భం దాల్చారు. నాలుగైదు నెలలకే నిలిచినవాళ్లూ ఉన్నారు, రెండేళ్లు దాటినవాళ్లూ ఉన్నారు.

అపోహ: ఇంజెక్షన్ మానేసి ఏడాదైంది కాబట్టి ఇది కచ్చితంగా సంతాన సమస్యే.

వాస్తవం: ముందు ఆ ఏడాదిని ఎక్కడి నుంచి లెక్కపెట్టారో చూడాలి. గందరగోళమంతా ఇక్కడే. పైన చెప్పిన నెలలన్నీ ఆఖరి డోసు వేసిన రోజు నుంచి లెక్క. అంతర కార్డు మీద ప్రతి డోసు తేదీ, తర్వాత రావాల్సిన తేదీ పక్కపక్కనే రాసి ఉంటాయి. ఈ రెంటినీ కలగాపులగం చేసుకోవద్దు. జనవరి 10న ఆఖరి డోసు పడిందనుకోండి. దాని రక్షణ 13 వారాలు, అంటే ఏప్రిల్ రెండో వారం దాకా. ఆ లోపు గర్భం కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. సగటు 10 నెలలు నవంబరులో పూర్తవుతాయి. అక్టోబరులో "తొమ్మిది నెలలైంది, ఏమీ లేదు" అని ఏడ్చే అమ్మాయికి నిజానికి మందు ప్రభావం తగ్గి రెండు మూడు నెలలే అయి ఉండొచ్చు.

దీన్నిబట్టే ముందుగా ప్లాన్ చేసుకోవాలి. పెద్దబిడ్డకు రెండేళ్లు నిండాక మళ్లీ గర్భం రావాలనుకుంటే, ఆ రెండేళ్లు నిండే దాకా ఇంజెక్షన్లు వేయించుకోకూడదు. ఏడెనిమిది నెలల ముందే ఆపి, 13 వారాలు గడిచాక కండోమ్‌కు మారాలి.

అపోహ: ఎక్కువ ఏళ్లు వాడితే అంత ఆలస్యం.

వాస్తవం: కాదు. రెండు డోసులు వేయించుకున్నా, ఇరవై వేయించుకున్నా లెక్క ఆఖరి డోసు నుంచే.

అపోహ: నెలసరి మొదలయ్యే దాకా గర్భం రాదు.

వాస్తవం: అండం ముందు విడుదలవుతుంది, నెలసరి దాదాపు రెండు వారాల తర్వాత వస్తుంది. ఆ మొదటి అండంతోనే గర్భం నిలిస్తే మధ్యలో నెలసరి కనిపించనే కనిపించదు. "సూది వల్ల ఇంకా రాలేదులే" అనుకుంటూ నాలుగో నెల దాకా గర్భం సంగతే తెలియనివాళ్లు ఉంటారు. కాబట్టి 13 వారాలు దాటాక నెలసరి లేకపోయినా, కలిసిన మూడు వారాలకు ఒకసారి మూత్ర పరీక్ష చేసుకోండి. నిశ్చయ్ కిట్ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. పొద్దున్నే మొదటి మూత్రంతో చేయండి. ఇంజెక్షన్ మందు ఈ పరీక్ష ఫలితాన్ని మార్చదు.

అపోహ: రాని నెలసరి రక్తమంతా లోపల పేరుకుపోయింది, మందు వేసి కడిగేయాలి.

వాస్తవం: ఈ మందు వల్ల గర్భసంచి లోపలి పొర పలచగానే ఉండిపోతుంది. మందంగా పెరిగితేనే కదా రాలడానికి! లోపల చెడు రక్తం ఏదీ నిల్వ లేదు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నెలసరి మాత్రల విషయంలో ఒకటి గమనించండి. వాటిలో చాలావాటిలో ఉండేది 10 మిల్లీగ్రాముల మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్. ఇంజెక్షన్‌లో ఉన్న మందూ అదే! దాన్ని వేసుకున్నాక రక్తం కనిపించినా అండం విడుదలైనట్టు కాదు. పొర పలచగా ఉంటే అసలు ఏమీ కనిపించదు, భయం మాత్రం రెట్టింపవుతుంది. డాక్టరు చూసి, గర్భం లేదని తేల్చుకుని రాస్తే తప్ప వాడొద్దు. ఇంజెక్షన్ వేసినచోట మర్దన చేసినా, కాపడం పెట్టినా మందు బయటికి పోదు. నువ్వులు, బెల్లం ఆహారంగా తినండి, తప్పులేదు. ఏముందో తెలియని పొడులు, కషాయాలు మాత్రం వద్దు, తెలియకుండానే గర్భం నిలిచి ఉండొచ్చు.

అపోహ: ఫోన్‌లో యాప్ చూపించే రోజుల్లో కలిస్తే చాలు.

వాస్తవం: యాప్ గత నెలసరుల తేదీలను బట్టి అంచనా కడుతుంది. ఇంజెక్షన్ ఆపిన కొత్తలో ఒకసారి 25 రోజులకు, మరోసారి 50 రోజులకు వస్తుంటే, మధ్యలో నాలుగు చుక్కలు కనిపిస్తుంటే, ఆ అంచనా తప్పుతుంది. ఆ చుక్కలను నెలసరిగా నమోదు చేస్తే మరీ తప్పుతుంది. రోజు విడిచి రోజో, రెండు మూడు రోజులకు ఒకసారో కలవడం మేలు. తెల్లబట్ట గుడ్డులోని తెల్లసొనలా పారదర్శకంగా, వేళ్ల మధ్య తీగలా సాగితే అండం విడుదల దగ్గర పడిందని గుర్తు. నెలసరి గాడిన పడే దాకా అండం విడుదలను పసిగట్టే కిట్లకు డబ్బు పోయక్కర్లేదు.

అపోహ: ఆపిన వెంటనే గర్భం వస్తే బిడ్డకు అవకరం.

వాస్తవం: అలాంటి ప్రమాదం ఉన్నట్టు ఆధారాల్లేవు. ఆ భయంతో గర్భం తీయించుకోవద్దు.

అపోహ: ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు.

వాస్తవం: ఆపిన నాటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, గర్భం వచ్చాక 12 వారాల దాకా వేసుకోవాలి. షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా, గతంలో బిడ్డకు వెన్నుపాము లోపం ఉన్నా 5 మిల్లీగ్రాములు అవసరం, అది డాక్టరు చెప్పాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ ఈలోగా చూపించుకోండి.

ఆఖరి డోసు పడి ఏడాదైనా నెలసరి రాకపోతే, నెలసరి క్రమంగా వస్తూ మరో ఏడాది దాటినా గర్భం రాకపోతే పరీక్షలకు వెళ్లాలి. 35 దాటినవాళ్లు నెలసరి క్రమంగా వస్తున్నా గర్భం రాకపోతే ఆరు నెలలు మించి ఆగొద్దు. ఇంజెక్షన్‌కు ముందే పీసీఓఎస్ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నా, ట్యూబులో గర్భం వచ్చి ఉన్నా, టీబీ వచ్చి తగ్గినా, పాలివ్వకుండానే రొమ్ముల నుంచి పాలు కారుతున్నా ఇప్పుడే వెళ్లండి. కార్డు తీసుకెళ్లి ఆఖరి డోసు తేదీ చూపించండి. మందు ప్రభావంలో ఉండగా తీసిన హార్మోన్ రిపోర్టులు చూసి అండాశయం పనిచేయట్లేదని పొరబడే అవకాశం ఉంది. భార్యకు స్కానింగుల మీద స్కానింగులు తీయించే ముందు భర్త వీర్య పరీక్ష కావాలి. 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండి శాంపిల్ ఇస్తే సరిపోతుంది, ఖర్చూ తక్కువే.

ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవాళ్లు అసలు ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టకపోవడమే మంచిది. వాళ్లకు కండోమ్, మాత్రలు లేదా కాపర్-టీ సరిపోతాయి. కాపర్-టీ తీసేసిన నెలలోనే గర్భం రావొచ్చు.