తల్లయితే హ్యాండ్‌బాల్ ముగిసినట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఈ సీజన్‌లో ఇది మూడోసారి. రైట్ బ్యాక్ ఆడే అమ్మాయి వాళ్లమ్మ గ్రౌండ్‌కి వచ్చి, కిట్ బ్యాగ్ నా కుర్చీ పక్కన పెట్టి, "సంబంధం కుదిరింది మేడం, ఇంక ఆటలెందుకు" అన్నారు. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె కళ్లనిండా భయమే ఉంది. పిల్లలు పుడితే ఒళ్లు ఆటకు పనికిరాదని, కాన్పయ్యాక ఎగిరితే నడుం పడిపోతుందని ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాళ్ల మీదే నా కోపమంతా. గాయాల వల్ల పోయిన ప్లేయర్ల కంటే ఈ మాట వల్ల నేను పోగొట్టుకున్న ప్లేయర్లే ఎక్కువ.

ఆమెను కూర్చోబెట్టి ఫోన్‌లో ఒక హంగేరీ హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి ఆట చూపించాను. గోర్బిత్స్ అనితా. హంగేరీవాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్పుకుంటారు.

అపోహ: తల్లయ్యాక పెద్ద స్థాయిలో ఆడలేరు.

వాస్తవం: అనితా 1983లో వెస్‌ప్రేమ్‌లో పుట్టింది. సెంటర్ బ్యాక్, అంటే మధ్యలో ఉండి ఆట నడిపే స్థానం. 2005లో, 22 ఏళ్లకే, ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఆమె క్లబ్ గ్యోర్, యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ అయిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో 2009లో డెన్మార్క్ క్లబ్ వీబోర్గ్ చేతిలో, 2012లో మాంటెనెగ్రో క్లబ్ బుదుచ్‌నోస్త్ చేతిలో ఓడింది. రెండోసారి అయితే రెండు మ్యాచ్‌ల మొత్తం స్కోరు సమానమై, ప్రత్యర్థి కోర్టులో చేసిన గోల్స్ లెక్కతో కప్పు పోయింది. ఆ తర్వాత 2013, 2014లో వరుసగా గెలిచారు. 2015లో అనితాకు కొడుకు పుట్టాడు.

తిరిగొచ్చింది. 2017లో, 2018లో ఫైనల్ మాసిడోనియా క్లబ్ వార్దార్‌తో. రెండుసార్లూ ఎక్స్‌ట్రా టైమ్, రెండుసార్లూ ఒక్క గోల్ తేడాతో గ్యోర్ గెలిచింది. 2019లో రష్యా క్లబ్ రోస్తోవ్ మీద 25-24, మళ్లీ ఒక్క గోలే. అప్పటికి ఆమెకు 36 నిండబోతున్నాయి. ఐదు ఛాంపియన్స్ లీగ్ టైటిళ్లలో మూడు తల్లయ్యాక వచ్చినవే. ఆట మానింది 2021లో.

అదే జట్టులో పివట్‌గా ఆడిన నార్వే క్రీడాకారిణి హైదీ లోకె కూడా తల్లే. గోల్ ముందుండే సిక్స్ మీటర్ గీత దగ్గర ఇద్దరు డిఫెండర్ల మధ్య నలిగే స్థానం అది.

నేను మా పిల్లలకు మరీ మరీ చూపించేది ఇంకొకటి ఉంది. తిరిగొచ్చాక అనితా ఎక్కువగా లెఫ్ట్ వింగ్‌లో, అంటే కోర్టు ఎడమ అంచున, ఆడింది. మధ్యలో ఆట నడిపేందుకు నెదర్లాండ్స్ క్రీడాకారిణి నిక్కే గ్రోట్ ఉంది. సెంటర్ బ్యాక్ ప్రతి దాడిలోనూ డిఫెండర్ల ఢీ తినాలి. వింగ్‌లో పని వేరు: బాల్ మన జట్టు చేతికి రాగానే పరుగు, మూల నుంచి లోపలికి దూకడం, గాల్లో ఉండగా గోల్‌కీపర్ ఎటు కదిలిందో చూసి మణికట్టు తిప్పడం. ప్రపంచంలోనే మేటి అనిపించుకున్న మనిషి కొత్త స్థానానికి ఒదిగింది. పాత స్థానం, పాత వేగం మొదటి వారమే కావాలని ఏడ్చే అమ్మాయిలను నేను రోజూ చూస్తాను. ఆ ఏడుపు నాకు తెలుసు.

మా బాబు పుట్టినప్పుడు నేనూ అలాగే తొందరపడ్డాను. రెండు నెలలైనా నిండకుండా ఎగిరి జంప్ షాట్ వేశాను. కాలు నేలకు తగలగానే మూత్రం పడిపోయింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఏడాదికి ధైర్యం చేసి ఒక పెద్దావిడతో అంటే, "కాన్పయ్యాక అందరికీ అంతేనమ్మా, ఆట మానెయ్" అంది. మానేశాను. అది కటి కింది కండరాలు బలహీనపడటం వల్ల వచ్చే ఇబ్బంది అని, చాలామందికి వ్యాయామంతోనే తగ్గుతుందని ఒక ఫిజియో చెప్పేసరికి నా ఆడే వయసు దాటిపోయింది. అందుకే అడుగుతున్నాను, దయచేసి దాచుకోకండి. సాధారణ కాన్పయినా మూడు నెలల వరకూ పరుగులు, దూకడాలు వద్దు. సిజేరియన్ అయితే డాక్టర్ సరే అన్నాకే. ముందు నడక, తర్వాత పొట్ట, కటి కండరాల వ్యాయామాలు, ఆ తర్వాతే బాల్. పాలిచ్చే తల్లి ప్రాక్టీస్‌కి ముందే పాలు పట్టేసి వస్తే పరుగులో ఇబ్బంది ఉండదు. ప్రాక్టీస్ వల్ల పాలు ఎండిపోతాయన్నది ఉత్త పుకారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

పేరు రావాలంటే క్లబ్బులు మారాలంటారు. అనితా సీనియర్ కెరీర్ అంతా గ్యోర్‌లోనే గడిచింది.

ఒలింపిక్ పతకం లేకపోతే లెక్కలోకి రారంటారు. ఆమెకు లేదు. 2008 బీజింగ్‌లో హంగేరీ కాంస్యం కోసం దక్షిణ కొరియాతో ఆడి నాలుగో స్థానంలో ఆగింది. అయినా ఆమె 13వ నంబర్ జెర్సీ గురించి హంగేరీలో ఎవరినైనా అడగండి.

చిన్న వయసులో ఒక పెద్ద ఓటమి తగిలితే పిల్ల కోలుకోదని కొందరు తండ్రులు బెంగపడతారు. 2003 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో హంగేరీ ఏడు గోల్స్ ముందుండి కూడా, చివరికి ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫ్రాన్స్ చేతిలో 32-29తో ఓడింది. అనితాకు అప్పుడు 20 ఏళ్లు. రెండేళ్లకే ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి.

ఆ తల్లి వీడియో చివరిదాకా చూశారు. "అబ్బాయి వాళ్లతో మీరే ఒకసారి మాట్లాడండి మేడం" అన్నారు. ఆదివారం వెళ్తున్నాను. కిట్ బ్యాగ్ ఇంకా నా కుర్చీ పక్కనే ఉంది.