పిల్లికి పగటి తోడు: అపోహలు, వాస్తవాలు

"డాక్టరు గారూ, మా పిల్లి పగలంతా ఒక్కటే ఉంటోంది, చూస్తే జాలేస్తోంది, అందుకే దానికి తోడుగా ఇంకో పిల్లిని తెచ్చేశాం" అంటూ మొదలయ్యే ఫోన్లు నాకు తరచుగా వస్తుంటాయి. అవతల మాట్లాడేవారు చాలావరకు ఉదయం తొమ్మిదింటికి మాదాపూర్, గచ్చిబౌలి వైపు బయలుదేరి రాత్రి ఎనిమిదికి గాని ఇల్లు చేరని ఉద్యోగులు. తాళం వేస్తుండగా తలుపు వెనుక నుంచి వినబడే అరుపు మనసును ఎంత పిండుతుందో నాకు తెలుసు కనుక వారి బెంగను నేను తేలిగ్గా తీసుకోను. కాకపోతే "తెచ్చేశాం" అన్న మాట విన్న ప్రతిసారీ, "తెద్దామనుకుంటున్నాం" అన్న దశలోనే ఈ ఫోను వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

అపోహ: పిల్లికి తోడంటే మరో పిల్లే. రెండింటినీ ఒకచోట వదిలేస్తే నాలుగు రోజులు కొట్టుకుని వాటంతటవే కలిసిపోతాయి.

వాస్తవం: కుక్క పూర్వీకులు గుంపుగా వేటాడి బతికినవి; పిల్లి పూర్వీకురాలైన ఆఫ్రికా అడవిపిల్లి మాత్రం ఒంటరిగా వేటాడుతూ, తన హద్దులో తాను బతికే జంతువు. ఒకే ఈతలో పుట్టినవో, కూనలుగా ఉన్నప్పటి నుంచి కలిసి పెరిగినవో హాయిగా ఒకదానినొకటి నాకుకుంటూ ఉండగలవు గాని, ఐదారేళ్లు ఇల్లంతా తనదిగా ఏలిన పిల్లికి కొత్తగా వచ్చింది చుట్టం కాదు, చొరబాటుదారు. పైగా పిల్లుల తగవు ఎప్పుడూ అరుపులతోనే సాగదు. ఒకటి లిట్టర్ ట్రేకి (పిల్లి మలమూత్రాల కోసం ఇసుక పోసి పెట్టే పళ్లెం) వెళ్లే దారిలో గుమ్మానికి అడ్డంగా కూర్చుని రెప్ప వేయకుండా చూస్తుంటుంది, రెండోది మంచం కింద నుంచి బయటికి రాదు. ఇంటివారేమో "గొడవేమీ లేదండీ, చక్కగా ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి" అని సంతోషంగా చెబుతారు.

మూడేళ్ల కిందట ఒక కుటుంబం తమ ఆరేళ్ల మగపిల్లికి తోడుగా శనివారం నాడు ఒక కూనను తెచ్చుకుంది. బుధవారం రాత్రి పదకొండు గంటలకు పెద్దపిల్లిని నా దగ్గరికి తీసుకొచ్చారు. రోజంతా ట్రేలోకి వెళ్లి ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని నెయ్యి నాకించారట. పొట్ట మీద చెయ్యి వేస్తే మూత్రాశయం బత్తాయికాయంత పెరిగి, గట్టిపడి ఉంది. ఒత్తిడి వల్ల మూత్రాశయం వాచే గుణం పిల్లుల్లో ఉంది. మగపిల్లికి మూత్రనాళం సన్నం కాబట్టి అది పూర్తిగా మూసుకుపోవచ్చు. అలా మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. మూడు రోజులు కాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) ఉంచి దానిని బతికించగలిగాం. "దానికి మంచి చేద్దామనే కదండీ తెచ్చాం" అంటూ ఆ ఇల్లాలు ఏడవడం నేను మరిచిపోలేదు. మగపిల్లి ముక్కుతున్నా చుక్క రాకపోతే తెల్లారేదాకా ఆగకండి.

రెండో పిల్లిని తప్పక తేవాలనుకుంటే, దానిని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా లాంటి జబ్బు దానిలో దాగి ఉంటే సాధారణంగా ఆ లోపే బయటపడుతుంది. ఆ రోజుల్లో ఒకటి పడుకున్న గుడ్డను రెండోదాని దగ్గర వేయాలి, మూసిన తలుపుకు అటూ ఇటూ గిన్నెలు పెట్టి అన్నం తినిపించాలి, ఆ తరువాతే తలుపు సందులోంచి చూడనివ్వాలి. రెండు పిల్లులుంటే మూడు ట్రేలు, అవి కూడా వేర్వేరు చోట్ల ఉండాలి. నెలలు పట్టినా కంగారు పడనక్కరలేదు. స్నేహం కుదరకపోయినా సహించుకుంటే చాలు.

అసలు ఎదిగిన పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రలోనే గడుపుతుంది, దాని చురుకుదనమంతా తెల్లవారుజామున, సంధ్యవేళ. పగలు దానికి కావలసింది మరో ప్రాణి కాదు, వేట లాంటి ఒక పని, మధ్యలో ఒక పలకరింపు. ఆఫీసుకు వెళ్లే ముందు పది నిమిషాలు ఈకల కర్రతో ఆడించి ఆ వెంటనే తిండి పెడితే, అది తిని, ఒళ్లు నాక్కుని, పడుకుంటుంది. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో కాసిన్ని పొడి తిండి గింజలు వేసి వదిలితే కాలు దూర్చి తీసుకుంటూ ఎంతోసేపు గడిపేస్తుంది. మధ్యాహ్నం అరగంట కూర్చునే మనిషి దొరికితే ఇక కొరతే లేదు. నా దగ్గరికి వచ్చే ఒక పిల్లికి ఎదురింటి మామ్మగారే తోడు: ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటుంటే అది వచ్చి తోకను ఆవిడ పాదం మీద వేసి, రాయి తీసి పక్కన పెట్టిన ప్రతిసారీ ఆ చేతినే చూస్తూ కూర్చుంటుంది.

అపోహ: పిల్లికి ఇంటి మీదే గాని మనిషి మీద మమకారం ఉండదు.

వాస్తవం: 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షించిన కూనల్లో దాదాపు మూడింట రెండు వంతులు, కాసేపు విడిచి వెళ్లిన తమ మనిషి తిరిగి రాగానే కుదుటపడ్డాయి; మమకారానికి అదే గుర్తు.

అపోహ: ఒక ఈత ఈనితే పిల్లలే తోడవుతాయి.

వాస్తవం: కావు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి.

అపోహ: టీవీలో పక్షుల వీడియో పెట్టి వెళితే సరిపోతుంది.

వాస్తవం: హాని లేదు గాని కొద్దిసేపటికే విసుగు పుడుతుంది. గట్టి వల బిగించిన బాల్కనీలోంచి కనిపించే నిజం పావురాలు అంతకంటే మేలు.

అపోహ: ముసలిపిల్లి అదేపనిగా అరుస్తోందంటే ఒంటరితనమే.

వాస్తవం: థైరాయిడ్, రక్తపోటు, కీళ్లనొప్పి కూడా అలాగే అరిపిస్తాయి కనుక ముందు పరీక్ష చేయించాలి.

పగలు పిల్లిని చూసి రమ్మని తాళం ఎవరి చేతికి ఇచ్చినా, దారం ఉండలు, పూలదండ కట్టే నూలు నేల మీద వదలవద్దని వారికి చెప్పండి. మింగితే పేగుల్లో చిక్కుకుంటుంది. వెళ్లే ముందు ఒకసారి లిట్టర్ ట్రే చూసి, ఇసుక కొత్తగా గడ్డ కట్టిందో లేదో, అంటే పిల్లి మూత్రం పోసిందో లేదో మీకు మెసేజ్ పెట్టమనండి.