డిగ్రీకి మూడేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే తిరుపతిలో, చిత్తూరులో నెట్ సెంటర్ల దగ్గర ఒక ప్రశ్న తరచూ వినపడుతుంది: "ఏ గ్రూపు తీసుకుంటే తొందరగా అయిపోతాది సార్?" చదువు మీద ఇష్టం లేక అడుగుతున్నారనుకుంటే పొరపాటు. పుంగనూరు, పలమనేరు వైపు టమాటా, పాడి మీద బతికే ఇళ్లలో ఒక ఏడాది ఆలస్యమంటే ఒక ఏడాది జీతం పోయినట్టే. పెళ్లి చేసేస్తామని ఇంట్లో తొందర పెడుతుంటే, ఆలోగా డిగ్రీ పట్టా చేతికి రావాలని ఆరాటపడే ఆడపిల్లలూ ఇదే అడుగుతారు.

అయితే మన దగ్గర బీఏ, బీకాం, బీఎస్సీ ఏదైనా ఆరు సెమిస్టర్లే. గ్రూపు మార్చినంత మాత్రాన కాలం తగ్గదు.

ఈ మూడేళ్లు మొదటి నుంచీ ఉన్నవి కావు. 1915లో మదనపల్లెలో వెలసిన థియోసాఫికల్ కాలేజీ, 1945లో టీటీడీ తిరుపతిలో పెట్టిన ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ మద్రాసు యూనివర్సిటీ పద్ధతిలో నడిచిన రోజుల్లో బీఏ రెండేళ్లే. కానీ దానికి ముందు పదకొండేళ్ల స్కూలు, రెండేళ్ల ఇంటర్ ఉండేవి. 1948-49లో యూనివర్సిటీ చదువులపై వేసిన రాధాకృష్ణన్ కమిషన్ డిగ్రీని మూడేళ్లు చేయమంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ పుట్టిన 1954 తర్వాతి ఏళ్లలో ఇంటర్ పోయి, ఏడాది పీయూసీ (డిగ్రీకి ముందు చదివే ప్రీ యూనివర్సిటీ కోర్సు), మూడేళ్ల డిగ్రీ వచ్చాయి. 1969-70లో పీయూసీ కూడా పోయి, పదో తరగతి మీద రెండేళ్ల ఇంటర్ మళ్లీ వచ్చింది. ఎలా కూడినా పదిహేనేళ్లే. మన తాతలు రెండేళ్లలో డిగ్రీ అయిపోగొట్టారని చెబితే నిజమే, కానీ వాళ్లకు మిగిలిన కాలమేమీ లేదు.

పేదింటి పిల్లలకు నిజంగా దారి చూపింది 1982లో వచ్చిన ఓపెన్ యూనివర్సిటీ. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కలిగింది. పనిచేసుకుంటూ చదివి, ఆ పట్టాతోనే ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్ పరీక్షలు రాసినవాళ్లున్నారు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో కూలి చేసుకునే ఇళ్ల నుంచీ పిల్లలు బీటెక్‌కు వెళ్లారు. నాలుగేళ్లయినా ఫర్వాలేదన్న ధైర్యం వచ్చింది. పదో తరగతి మీద పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్లకే డిప్లొమా వస్తుంది. ఆ తర్వాత డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరినా మొత్తం ఆరేళ్లే, ఇంటర్ మీదుగా వెళ్లినా ఆరేళ్లే. తేడా ఏమిటంటే, మధ్యలో ఆపాల్సి వస్తే డిప్లొమా ఉన్నవాడికి ఫ్యాక్టరీలో పని దొరకొచ్చు, ఒట్టి ఇంటర్‌తో అది కష్టం.

వృత్తి కోర్సుల కాలమూ మారుతూ వచ్చింది. ఏడాదిలో అయిపోయే బీఈడీ 2015-16 నుంచి రెండేళ్లయింది. టీచరు ఉద్యోగమే గమ్యంగా ఉన్న కుటుంబాలకు అది పెద్ద దెబ్బ. మూడేళ్ల ఎంసీఏ మాత్రం 2020-21 నుంచి రెండేళ్లకు తగ్గింది.

ఇక మేజర్, అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు విషయం. ఎంపీసీ, బీజడ్‌సీ అంటూ మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పద్ధతిని 2023-24 నుంచి రాష్ట్రంలో మార్చి సింగిల్ మేజర్ తెచ్చారు. మూడేళ్లకు డిగ్రీ, నాలుగో ఏడాది కూడా చదివితే ఆనర్స్. నాలుగేళ్లు చదివినవాళ్లకు పీజీ ఏడాదే చాలన్నారు కనుక, పీజీ దాకా వెళ్లేవాళ్లకు ఎటు చూసినా ఐదేళ్లే.

నా దృష్టిలో కాలం వృథా అయ్యేది కోర్సులో కాదు, సప్లీలలో. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపర్ పోతే, చాలాచోట్ల దాన్ని మళ్లీ రాసేది జూనియర్లకు ఆ సెమిస్టర్ పరీక్షలు పెట్టినప్పుడే. అంటే దాదాపు ఏడాది ఆగాలి. చివరి సెమిస్టర్‌లో పోతే తోటివాళ్లు ఉద్యోగానికి అప్లికేషన్ పెడుతుంటే మనం హాల్‌టికెట్ కోసం తిరుగుతుంటాం. ఫీజు బకాయిలుంటే సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపేసిన కాలేజీలూ ఉన్నాయి. అందుకే ఇంటర్‌లో లెక్కలతో కుస్తీ పట్టిన పిల్లను డిమాండ్ ఉందని కంప్యూటర్ సైన్స్‌లోకి తోసేస్తే, మూడేళ్ల డిగ్రీ నాలుగేళ్లవడానికి ఎంతో సేపు పట్టదు. ఆ పిల్ల ఇష్టంగా చదివే సబ్జెక్టే అన్నిటికంటే తొందరగా పూర్తవుతుంది.

నిజంగానే కాలం తగ్గించే వెసులుబాటు 2024 చివర్లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ప్రకటించింది. అప్పుడు ఛైర్మన్‌గా ఉన్నది మన తెలుగువారైన మామిడాల జగదీశ్ కుమార్. మూడేళ్ల డిగ్రీని ఐదు సెమిస్టర్లలో, నాలుగేళ్లదాన్ని ఆరు లేదా ఏడు సెమిస్టర్లలో ముగించవచ్చు. డిగ్రీకి కావలసిన క్రెడిట్లు (పేపర్లు పాసైతే వచ్చే పాయింట్లు) తగ్గవు, సెమిస్టర్‌కు ఎక్కువ పేపర్లు చదవాలి. సీట్లలో 10 శాతం వరకే ఈ అవకాశం. పల్లెటూరి కాలేజీలో ఒక్కో మేజర్‌కు ఒకరిద్దరు లెక్చరర్లుంటే ఆ అదనపు పేపర్లు చెప్పేదెవరు? ముందు ఆ పోస్టులు నింపాలి, లేకపోతే ఇది పెద్ద క్యాంపస్‌లకే పరిమితమవుతుంది. అర్హులెవరో కాలేజీ కమిటీ మొదటి లేదా రెండో సెమిస్టర్ చివర్లోనే తేలుస్తుంది కాబట్టి, ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు చేరిన రోజు నుంచే మార్కుల మీద కన్నేసి ఉంచాలి.