పురుగుమందు పురుగు దగ్గరే ఆగదెందుకు?

"కషాయమే కదా, సహజమైనదే కదా, మాస్క్ లేకుండా పిచికారీ చేసినా ఏమీ కాదు కదా?" పొగాకు కషాయం గురించి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. మొదటి రెండింటికీ అవుననే చెప్పాలి. మూడోదానికి మాత్రం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ముందు ఒక ఎంజైమును పరిచయం చేసుకోవాలి. దాని పేరు అసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్. పేరు చూసి బెదిరిపోకండి. రసాయన సాగా, సేంద్రియ సాగా అంటూ గొంతు చించుకుని వాదించుకునేవాళ్ళు ఈ ఒక్క ఎంజైము సంగతి తెలుసుకుంటే సగం వాదన అక్కడే తెగిపోతుందని నా నమ్మకం.

చెయ్యి కదపాలని మెదడు ఆజ్ఞ ఇస్తే అది నాడి చివరిదాకా విద్యుత్తుగా వస్తుంది. అక్కడ చిన్న ఖాళీ ఉంటుంది. దాన్ని దాటించడానికి నాడి అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది వెళ్ళి అవతలి కండరం మీదున్న గ్రాహకాన్ని (సంకేతాన్ని అందుకునే అణువును) తాకితే కండరం ముడుచుకుంటుంది. బడిలో పాఠం ఇక్కడితో సరి. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడిపోతాయి. సంకేతం ఎలా మొదలవుతుందో అంత శ్రద్ధగా చెప్పి, ఎలా ఆగుతుందో చెప్పకుండా వదిలేస్తారు. పురుగుమందుల కథంతా ఆ వదిలేసిన పేజీలోనే ఉంది.

ఇంటి కాలింగ్ బెల్‌ను తీసుకోండి. బటన్ మీద వేలు పడితే మోగుతుంది, వేలు తీస్తేనే ఆగుతుంది. ఇక్కడ బటన్ గ్రాహకం, వేలు అసిటైల్‌కోలిన్. తనంతట తాను వెంటనే పక్కకు తప్పుకునే రకం కాదు. దాన్ని బటన్ దగ్గర్నుంచి లాగేయడానికి ఒక కాపలాదారు ఉండాలి. ఆ కాపలాదారే మన ఎంజైము. అసిటైల్‌కోలిన్‌ను రెండు ముక్కలు చేసి పడేస్తుంది. ఒక్కో ఎంజైము అణువు సెకనుకు వేల అసిటైల్‌కోలిన్ అణువులను కోస్తుంది. శరీరంలో ఇంత వేగంగా పనిచేసే ఎంజైములు చాలా తక్కువ. ఇంత వేగం లేకపోతే వీణ మీద వేళ్ళు ఆడవు, కనురెప్ప సరిగ్గా కొట్టుకోదు.

ఈ కాపలాదారు ఎలా ఉంటాడో 1991లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు తేల్చారు. టార్పెడో అనే విద్యుత్ చేప నుంచి తీసిన ఎంజైమును స్ఫటికాలుగా మార్చి చూస్తే, అణువు మధ్యలో 20 ఆంగ్‌స్ట్రామ్‌ల లోతున (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు) సన్నటి లోయ కనిపించింది. లోయ అడుగున సెరీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. అసిటైల్‌కోలిన్ లోయలోకి జారగానే సెరీన్ దాని అసిటైల్ ముక్కను పట్టుకుంటుంది, కోలిన్ ముక్క విడిపోతుంది. వెంటనే ఒక నీటి అణువు వచ్చి అసిటైల్‌ను కడిగేస్తుంది. సెకనులో లక్షో వంతు లెక్కన కొలవాల్సిన పని అది. ఎంజైము మళ్ళీ ఖాళీ, తర్వాతి వేలికి సిద్ధం.

ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు (మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్, మోనోక్రోటోఫాస్, పారాథియాన్ వగైరా) సరిగ్గా ఈ లోయలోకే దిగుతాయి. సెరీన్ ఎప్పటిలాగే పట్టుకుంటుంది. కాకపోతే ఈసారి చేతిలో పడింది అసిటైల్ కాదు, ఫాస్ఫరస్ ముక్క. నీటికి అది అంత తేలిగ్గా లొంగదు. క్షణంలో ఖాళీ కావాల్సిన చేతులు గంటలు, రోజుల తరబడి కట్టేసినట్టు ఉండిపోతాయి. ఇక బటన్ మీద వేలు తీసేవాడు లేడు, బెల్ మోగుతూనే ఉంటుంది. నోట్లో చొంగ, కళ్ళ వెంట నీళ్ళు, ఒళ్ళంతా చెమటలు, ఊపిరితిత్తుల్లో స్రావాలు. కండరాలు మొదట అదురుతాయి. ఆగకుండా మోగే బెల్‌కు ఇంట్లోవాళ్ళు కాసేపటికి పలకడం మానేసినట్టు, ఆ తర్వాత కండరాలు స్పందించడం మానేస్తాయి. ఊపిరి పీల్చే కండరాలకు ఆ గతి పడితే మనిషి దక్కడు.

ఆస్పత్రిలో ఇచ్చే రెండు మందులు కూడా ఇదే బొమ్మలో ఇమిడిపోతాయి. అట్రోపిన్ బెల్‌ను ఆపలేదు, కొందరి చెవుల్లో దూది పెడుతుంది. గ్రంథులకూ, గుండెకూ, శ్వాసనాళాలకూ ఆ మోత వినపడకుండా చేస్తుంది. ప్రాలిడాక్సిమ్ నేరుగా కాపలాదారు దగ్గరకే వెళ్ళి కట్లు విప్పుతుంది. అయితే గంటలు గడిచేకొద్దీ ఫాస్ఫరస్ ముక్క నుంచి ఒక కొమ్మ రాలిపోయి ముడి బిగుసుకుపోతుంది. ఒక రకం మందులతో మూడు నాలుగు గంటల్లోనే సగం ముడులు ఇలా బిగుస్తాయి, మరో రకంతో ఒక రోజు దాటుతుంది. బిగిశాక ప్రాలిడాక్సిమ్ విప్పలేదు, శరీరం కొత్త ఎంజైమును తయారు చేసుకోవాల్సిందే. ఏ మందు ఒంట్లోకి పోయిందో తెలిసేలా డబ్బాను కూడా ఆస్పత్రికి తెమ్మనేది ఇందుకే. మందు కొట్టే ముందు పాలు తాగితే విషం ఎక్కదనే నమ్మకం ఒకటి ఉంది. పిచికారీ చేసేవాడికి విషం ఎక్కేది చాలావరకు చర్మం గుండా. పాలు కడుపులో ఉంటాయి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఇదంతా మనిషిలో జరిగే సంగతి. పురుగులో? అక్కడా అదే. కీటకాల కండరాలు గ్లూటమేట్ అనే వేరే రసాయనంతో నడుస్తాయిగానీ, వాటి మెదడులో, నాడీ ముడుల్లో సందేశాలు మోసేది ఎక్కువగా అసిటైల్‌కోలినే. మన పూర్వీకులూ, పురుగుల పూర్వీకులూ విడిపోయి 50 కోట్ల ఏళ్ళు దాటినా ఈ బెల్, ఈ కాపలాదారు పెద్దగా మారలేదు. కాబట్టి ఈ మందుకు పురుగెవరో మనిషెవరో తెలియదు. తేడా అంతా మోతాదులోనూ, విషాన్ని విరగ్గొట్టే శక్తిలోనూ ఉంది.

దీని పుట్టుక చూస్తే ఆ సంగతి ఇంకా తేటపడుతుంది. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయనవేత్త పేనుబంకను చంపే మందు కోసం వెతుకుతూ ఒక ద్రవం తయారు చేశాడు. పది లక్షల పాళ్ళలో 5 పాళ్ళు చాలు, ఆకుల మీదున్న పేనుబంక మొత్తం చచ్చింది. కొన్ని రోజులకు ప్రయోగశాల బల్ల మీద ఒక చుక్క ఒలికింది. నిమిషాల్లో ఆయనకూ సహాయకుడికీ ఊపిరి ఆడలేదు, కంటిపాపలు గుండుసూది మొనంతగా కుంచించుకుపోయాయి. కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ ద్రవమే టాబున్, మొదటి నాడీ విషవాయువు. పారాథియాన్ అనే పురుగుమందు కూడా ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

మరి మలాథియాన్‌ను దోమల కోసం ఇళ్ళలో కొట్టినా మనం ఎలా బతికి ఉన్నాం? మన కాలేయంలో కార్బాక్సిల్‌ఎస్టరేజ్ అనే మరో ఎంజైము దాన్ని ముందే విరగ్గొడుతుంది. చాలా పురుగుల్లో ఆ ఎంజైము తక్కువ. ఈ రక్షణ ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో 1976లో పాకిస్తాన్‌లో తెలిసింది. మలేరియా నివారణకు మలాథియాన్ కొట్టిన 7,500 మంది కార్మికుల్లో దాదాపు 2,800 మంది విషప్రభావానికి గురయ్యారు, ఐదుగురు చనిపోయారు. నిల్వ ఉన్న మందులో ఐసోమలాథియాన్ అనే మలినం పెరిగిపోయింది. అది చేసిన ముఖ్యమైన పని, మనల్ని కాపాడే ఆ కార్బాక్సిల్‌ఎస్టరేజ్‌ను ఆపేయడం. క్లోర్‌పైరిఫాస్ లాంటివి ఒంట్లోకి వెళ్ళాక మారే విషరూపాన్ని విరగ్గొట్టే పారాక్సొనేజ్ అనే ఎంజైము పసిపిల్లల్లో పెద్దల కంటే చాలా తక్కువ. అందుకే "ఇంత కొంచెం ఏం చేస్తుందిలే" అన్న మాట పిల్లల దగ్గర చెల్లదు.

కొంచెం కొంచెంగా చేరే సంగతి కూడా ఉంది. మన ఎర్ర రక్తకణాల మీద కూడా ఈ అసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ ఉంటుంది. ఆ కణాలకు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమును తయారు చేసుకోలేవు. ముడి బిగుసుకున్నదాని స్థానంలో కొత్తది రావాలంటే కొత్త కణమే పుట్టాలి. కణం ఆయుష్షు సుమారు 120 రోజులు, అంటే రోజుకు ఒక శాతం లెక్కన కోలుకోవడం. ఈ వారం కొట్టి, వచ్చే వారం మళ్ళీ కొట్టేవాడి లెక్క ఎప్పటికీ పూడదు. పిచికారీ చేసేవాళ్ళకు ఈ ఎంజైము రక్తపరీక్ష చేయాలని కాలిఫోర్నియా 1974లోనే నిబంధన పెట్టింది.

ఇప్పుడు పొగాకు కషాయం. నికోటిన్ అసిటైల్‌కోలిన్‌ను అనుకరిస్తుంది. తానే వెళ్ళి బటన్ నొక్కుతుంది. కాపలాదారుకు అసిటైల్‌కోలిన్‌ను కోయడమే తెలుసు, నికోటిన్‌ను ముట్టుకోలేడు. కాబట్టి చేతులు కట్టేసినా, కట్టేయకున్నా ఫలితం దగ్గరదగ్గరగా ఒకటే. తడి పొగాకు ఆకులు కోసే కూలీలకు చర్మం గుండానే నికోటిన్ ఎక్కి వాంతులు, తలతిరుగుడు వస్తాయని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. ఇంట్లో కాచిన కషాయంలో నికోటిన్ ఎంతుందో కొలిచే దిక్కు కూడా లేదు. గ్లోవ్స్, మాస్క్ తప్పనిసరి.

సహజమైన మందులన్నీ ఇలాగే అని కాదు. బాసిలస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా, అదే బీటీ, తయారుచేసే ప్రొటీన్ స్ఫటికాలు గొంగళిపురుగు పేగులోని గాఢమైన క్షారంలో మాత్రమే కరుగుతాయి. కరిగాక పేగు గోడ మీదున్న తగిన గ్రాహకాలను పట్టుకుని చిల్లులు పెడతాయి. మన జీర్ణాశయంలో ఉన్నది ఆమ్లం, పైగా ఆ గ్రాహకాలు మనకు లేవు. సాలీడుకు, అక్షింతల పురుగుకు హాని లేదు. సేంద్రియ సాగులో నాకు నచ్చేది ఈ రకం ఎంపిక. మరోపక్క ఒకప్పుడు సేంద్రియమని వాడిన రొటెనోన్ కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీస్తుంది, పార్కిన్‌సన్ జబ్బుతో దానికి సంబంధం కనిపించింది. మైలుతుత్తంలోని రాగి నేలలో ఏళ్ళ తరబడి పేరుకుపోతుంది. మందు మొక్క నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అన్నది నేను రెండో ప్రశ్నగానే అడుగుతాను. మొదటి ప్రశ్న, అది ఏ బటన్ నొక్కుతుందీ అని.

మిత్రపురుగుల సంగతి వరి పొలంలో తేలింది. వరి రసం పీల్చే సుడిదోమ తన గుడ్లను ఆకు తొడుగు కణజాలం లోపల పెడుతుంది. పైన కొట్టిన మందు వాటికి సరిగ్గా తగలదు. తగిలేది దోమను తినే సాలీళ్ళకు. గుడ్లు పొదిగే వేళకు కాపలా ఉండదు, దోమ ముందుకంటే ఎక్కువవుతుంది, రైతు మళ్ళీ కొడతాడు. ఈ సుడిగుండంలో పడ్డ ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందుల్ని నిషేధించి, రైతులను పొలంలోనే కూర్చోబెట్టి పురుగుల్ని లెక్కపెట్టడం నేర్పింది.

ఎరువుల జోలికి ఎక్కువ పోను. యూరియా నుంచి వచ్చినా, పేడ నుంచి వచ్చినా నైట్రేట్ నైట్రేటే, వేరుకు తేడా తెలియదు. పేడలో అదనంగా ఉండేది నేలలోని జీవులకు తిండి. సేంద్రియ ఆహారంలో విటమిన్లు ఎక్కువన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. అవశేషాల విషయంలో మాత్రం ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో 23 మంది పిల్లలకు ఐదు రోజులు సేంద్రియ ఆహారం పెట్టి మూత్రం పరీక్షిస్తే, మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఆనవాళ్ళు దాదాపు కనపడకుండా పోయాయి. పాత తిండికి రాగానే మళ్ళీ కనిపించాయి. 2006లో వచ్చిన అధ్యయనం అది.

దిగుబడి? ప్రపంచవ్యాప్త పరిశోధనలను కలిపి చూస్తే సేంద్రియంలో సగటున సుమారు 20 శాతం తక్కువ. ఈ లెక్కను పక్కనపెడితే ఏమవుతుందో శ్రీలంకను అడగాలి. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేశారు, వరి దిగుబడి బాగా పడిపోయింది, ఆ ఏడాది చివరికల్లా నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. అదే శ్రీలంక 1995లో ఇంకో పని చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమని చెప్పిన మొదటి తరగతి పురుగుమందులను ఆపేసింది, తర్వాతి ఏళ్ళలో మరికొన్నిటిని చేర్చింది. రెండు దశాబ్దాల్లో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. ఆ నిషేధాల వల్ల పంటలు పడిపోయిన దాఖలా లేదు.

డబ్బా కొనేవాళ్ళు బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవాలి. పురుగుమందులను అవి పనిచేసే చోటును బట్టి అంతర్జాతీయంగా నంబర్లతో విభజించారు. కాపలాదారు చేతులు కట్టేసేవి 1ఎ (కార్బమేట్ జాతి మందులు), 1బి (మనం చూసిన ఆర్గానోఫాస్ఫేట్లు). నికోటిన్ మాదిరి బటన్ నొక్కేవి 4. బీటీ 11ఎ. చాలా దేశాల్లో ఈ నంబరు డబ్బా మీదే ఉంటుంది. పోయినసారి 1బి పనిచేయలేదని ఈసారి వేరే కంపెనీ 1బి కొంటే పురుగుకు తేడా తెలియదు, కొట్టేవాడి ఒంట్లోని ఎంజైముకూ తెలియదు.