ఎండకు చచ్చినయా, మందుకు చచ్చినయా? వాగు నీటి వేడి, చేపల ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

రోహిణి కార్తె వచ్చిందంటే పొద్దెక్కేసరికి నా ఫోను మోగుతుంది. "సారూ, చెరువుల చేపలు తేలినయ్. ఎవడో మందు వోసిండు, జల్ది రాండ్రి." ఆ వెనకే ఇంకో గొంతు వినిపిస్తుంది: "మందు లేదు ఏం లేదు, ఎండకు సచ్చినయ్."

తెలంగాణలోని ములుగు గుట్టల్లో పుట్టే వాగుల్లో, వాటి కింది చెరువుల్లో నీటి ఉష్ణోగ్రత, ఆక్సిజన్ కొలవడం, చేపల ఒంటిని పరీక్షించడం పదకొండేళ్లుగా నా పని. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కాకతీయుల కాలం నుంచి గుట్టల మధ్య కట్ట వేసి అడవి నీళ్లు ఆపుకున్నవి. ఈ ప్రాంతంలో చేప బాగోగులు తెలియాలంటే చెరువు గట్టున నిలబడితే చాలదు, పైనున్న గుట్ట దాకా నడవాలి. అలా నడిచిన దారిలో పదే పదే విన్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎండకు నీళ్లు కాగి చేపలు చచ్చిపోతాయి

మే నెల మధ్యాహ్నం చెరువు పైనీళ్లు 34, 35 డిగ్రీలు చూపడం మాకు మామూలే. బొచ్చె, రవ్వ చేపలు 25 నుంచి 32 డిగ్రీల మధ్య బాగా పెరుగుతాయి. 35 దగ్గర మేత తగ్గిస్తాయి, లోతుకు దిగుతాయి. ఆ వేడి ఒక్కదానికే ప్రాణం పోదు.

ప్రాణం పోయేది తెల్లవారుజామున. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. 35 డిగ్రీలకు వచ్చేసరికి ఆ సామర్థ్యం 7కు పడిపోతుంది. చేపకేమో నీళ్లు పది డిగ్రీలు వేడెక్కితే ఆక్సిజన్ అవసరం దాదాపు రెట్టింపు అవుతుంది. దానికి తోడు పచ్చగా మారిన చెరువులో పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నాచు, రాత్రయ్యేసరికి తానే పీల్చుకోవడం మొదలుపెడుతుంది. నాలుగున్నర, ఐదు గంటలకు మీటర్ పెడితే లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడా లేని చెరువులు చూశాను. అదే చెరువు ముందురోజు పగలు మూడు గంటలకు 11 చూపింది!

అంతా ఎండను ఎందుకు తిడతారంటే, చచ్చిన చేప వెంటనే తేలదు. చాలావరకు ముందు మునుగుతుంది. లోపల కుళ్లి గాలి పుట్టాక పైకి వస్తుంది. వేడి నీళ్లలో అది తొందరగా జరుగుతుంది కాబట్టి చీకట్లో చచ్చినవి ఎండలో కనబడతాయి. చూసినవాళ్లకు ఎండే కారణం అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అపోహ: ఒక్కసారే ఇన్ని చచ్చాయంటే అది మందే

ఈ మాట దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీని వల్ల ఊళ్లలో తలలు పగిలాయి.

నాలుగేళ్ల కింద ఒక ఊరి నుంచి ఇలాగే ఫోను వచ్చింది. నేను వెళ్లేసరికి రెండు వర్గాలు కట్ట మీద ఉన్నాయి, పోలీసు కేసు పెట్టడానికి కాగితం రాస్తున్నారు. నేను మాట్లాడకుండా ఒడ్డు చుట్టూ తిరిగాను. చచ్చినవన్నీ రెండు, మూడు కిలోల బొచ్చెలు, రవ్వలు. నోళ్లు తెరిచి ఉన్నాయి, మొప్పల మూతలు విచ్చుకొని ఉన్నాయి. ఒడ్డున చిన్న పరక చేపలు తిరుగుతున్నాయి. కప్పలు గెంతుతున్నాయి. గడ్డి మొదట్లో కొర్రమట్ట ఒకటి పైకి వచ్చి గాలి మింగి పోయింది. ఆ రాత్రి అక్కడే పడుకొని తెల్లవారి ఐదింటికి తెప్ప మీద మధ్యకు పోయి కొలిచాను: పైనీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 0.8 మిల్లీగ్రాములే. మిగిలిన బొచ్చెలు నోరు పైకి పెట్టి గుటకలు వేస్తున్నాయి. ఆ మీటర్ అంకెను రెండు వర్గాల పెద్దలకూ చూపించాను. కాగితం చింపేశారు.

ఊపిరాడక చచ్చినప్పుడు పెద్ద చేపలు ముందు పోతాయి. గాలి పీల్చగలిగే కొర్రమట్ట, మార్పు (మాగుర్) చేపలు మిగులుతాయి. విషం దిగినప్పుడు చిన్నా పెద్దా తేడా ఉండదు, చాలాసార్లు పిల్లలే ముందు పోతాయి. వాటితోపాటు రొయ్యలు, నీటి పురుగులు, తోకకప్పలు కూడా పోతాయి. వేళాపాళా ఉండదు, ఆక్సిజన్ నిండుగా ఉన్న సాయంత్రం నాలుగింటికి కూడా చస్తాయి. నిజంగా మందు దిగిన చెరువూ చూశాను. పత్తి చేలకు కొట్టిన పంపులు కడిగిన కాలువ నేరుగా తూము పక్కన కలుస్తోంది. అక్కడ మొదట తెల్లబడి కొట్టుకొచ్చినవి రొయ్యలు. పైరెత్రాయిడ్ రకం పురుగుమందులు చేపలకూ రొయ్యలకూ చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. అక్కడ ఎవరూ కావాలని పోయలేదు, కడిగినవాడికి నీళ్లు ఎటు పోతాయో తట్టలేదు, అంతే.

అనుమానం ఉంటే ఆ గంటలోనే శుభ్రమైన గాజు సీసాలో నీళ్లు పట్టి, ఇంకా కొనఊపిరితో ఉన్న చేపను ఐసులో పెట్టండి. మధ్యాహ్నం దాకా ఎండలో ఉబ్బిన చేపను నాకు చూపిస్తే నేను చెప్పగలిగింది చాలా తక్కువ.

అపోహ: చెయ్యి పెట్టి చూస్తే నీళ్ల వేడి తెలుస్తది

తెలియదు. ఎండలో నడిచి వచ్చిన చేతికి 31 డిగ్రీల నీళ్లూ చల్లగానే తగులుతాయి. పైగా మే నెలలో గాలి లేని రోజున మోకాలి లోతుకూ నిలువు లోతుకూ మధ్య మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటుంది.

పరికరం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. నా మొదటి వేసవిలో ఒక వాగులో లాగర్ కట్టి వచ్చాను. అది అరగంటకోసారి తానే ఉష్ణోగ్రత రాసుకుంటుంది. నెల తర్వాత తీసి చూస్తే పగలు 44, రాత్రి 24. వాగు 44 డిగ్రీలకు పోయిందని రిపోర్టులో రాసేశాను. మళ్లీ వెళ్లి చూస్తే వాగు తగ్గిపోయి లాగర్ రాళ్ల మీద గాలిలో వేలాడుతోంది. నేను కొలిచింది గాలిని. ఆ రిపోర్టు వెనక్కి తీసుకోవడానికి మూడు ఉత్తరాలు రాశాను. అప్పటి నుంచి పగటికీ రాత్రికీ ఇరవై డిగ్రీల తేడా కనబడితే ముందు లాగర్ నీళ్లలో ఉందా అని చూస్తాను. లాగర్‌ను చిల్లులు పొడిచిన తెల్ల పైపులో పెట్టి, నీడలో, పారే నీళ్లలో, అడుగున రాయికి కట్టాలి. ఎండ నేరుగా తగిలితే నీటి వేడికి ఎండ వేడి కలుస్తుంది. కట్టే ముందు ఐసు, నీళ్లు కలిపిన డబ్బాలో ముంచి సున్నా చూపుతుందో లేదో చూసుకోవాలి.

అపోహ: నీళ్లు 20 డిగ్రీలు దాటితే చేపలకు ప్రమాదమని నెట్‌లో ఉంది

అది ట్రౌట్ చేప సంగతి. హిమాచల్, కశ్మీర్ మంచు నీళ్లలో పెరిగే ట్రౌట్‌కు 20 దాటితే కష్టమే. మన రవ్వకు 20 డిగ్రీలంటే మేత తగ్గించే చలి. ఏ చేప కోసం రాసిన అంకెలో చూడకుండా వాడకండి.

అపోహ: వాగు ఒడ్డు చెట్లు అడ్డం, ఇసుక ఉట్టిదే

వాగు మీదికి వంగిన ఏరుమద్ది, నేరేడు, కానుగ నీడ ఉన్నచోటా, నరికేసిన చోటా ఒకే మధ్యాహ్నం కొలిస్తే తేడా అంకెల్లో కనబడుతుంది. లోతు తక్కువైన కొద్దీ ఆ తేడా పెరుగుతుంది.

ఇసుక సంగతి మన పెద్దవాళ్లకు నాకంటే బాగా తెలుసు. ఎండాకాలం మేడారం దగ్గరి జంపన్న వాగు లాంటి వాగుల్లో చెలిమె తోడితే చల్లటి నీళ్లు ఊరతాయి కదా. పైన పారకపోయినా ఇసుక లోపల నీళ్లు మెల్లగా కదులుతూనే ఉంటాయి. ఆ చల్లదనమే కింది మడుగుల్లోకి ఊటగా దిగుతుంది. వేసవిలో వాలుగ, జెల్ల, పరక ప్రాణం కాచుకునేది ఆ మడుగుల్లోనే. వానలు రాగానే వాగంతా మళ్లీ చేప నిండేదీ అక్కడి నుంచే. ఇసుక రాతిదాకా ఎత్తేస్తే ఊట పోతుంది, మడుగు ఎండకు వదిలేసిన గిన్నె అవుతుంది. వేసవి మడుగులో మందుగుండు పేల్చి, బ్లీచింగ్ చల్లి చేపలు పట్టడం చూస్తే నాకు కడుపు మండుతుంది. పట్టేది ఒక పూట కూర, పోయేది వచ్చే ఏటి విత్తనం.

అపోహ: వాన పడితే చేపలకు హాయి

వారం పది రోజులు ఉక్కబోసి, ఒక్క రాత్రి గాలివాన కొడితే తెల్లవారి తప్పకుండా చెరువు దగ్గరికి పోండి. చల్లటి వాన నీళ్లు బరువుగా కిందికి దిగి, అడుగున ఆక్సిజన్ లేకుండా మురిగిన నీళ్లను పైకి నెడతాయి. వాగు మొదటి పోతలో అడవి ఆకు, పెంట కొట్టుకొచ్చి కుళ్లుతాయి, ఆ కుళ్లు కూడా ఆక్సిజన్ తింటుంది. అందుకే మృగశిరకు ముందు వెనక నాకు నిద్ర తక్కువ.

ఆ రోజుల్లో మేత, ఎరువు ఆపాలి. చేపలు నోరు పైకి పెడితే మోటారు పెట్టి ఆ చెరువు నీళ్లనే గాలిలోకి చిమ్మి మళ్లీ అందులోనే పడనివ్వాలి. చేపల విసర్జన, కుళ్లిన మేత నుంచి నీళ్లలో చేరే అమ్మోనియా కూడా వేడిలో పదునెక్కుతుంది. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 8 ఉన్న నీళ్లలో 20 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో సుమారు 4 శాతం విషరూపంలో ఉంటే, 30 డిగ్రీలకు అది 7 శాతం దాటుతుంది.

అపోహ: చలికాలంలో ఏ రోగమూ రాదు

మన రాష్ట్ర చేప కొర్రమట్టకు గడ్డుకాలం చలికాలమే. ఒంటి మీద ఎర్రమచ్చలు, తర్వాత లోతైన పుండ్లు వస్తాయి. ఈ ఎర్రమచ్చల రోగం మన దేశంలో మొదట 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో కనబడింది. దీనికి కారణం అఫానోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు లాంటి జీవి. నీళ్లు 18 నుంచి 22 డిగ్రీలకు చల్లబడినప్పుడు చేప నిరోధక శక్తి మందగిస్తుంది, బూజుకు పట్టు దొరుకుతుంది. అందుకే కార్తీకం నుంచి సంక్రాంతి దాకా వలలో పడ్డ కొర్రమట్టలను తిప్పి కడుపు, తోక మొదలు చూడమని చెబుతాను. "ఈ చేప తింటే మనకు పుండ్లు లేస్తయా సారూ?" అని అడుగుతారు. ఆ రోగం మనుషులకు అంటదు. పుండ్లు పడ్డ చేపను మాత్రం అమ్మకండి, తినకండి. చెరువులో తిరిగి వేయకుండా సున్నం చల్లి పాతిపెట్టండి.

అపోహ: ఇదంతా సార్లు చేసే పని

మా దగ్గర అన్నిటికంటే నమ్మకమైన లెక్కలు ఒక మత్స్యకారుల సొసైటీలోని పెద్దాయన నోట్‌బుక్కులో ఉన్నాయి. మేమిచ్చింది ఒక థర్మామీటర్, ముడులు వేసిన తాడు. ఆయన తెల్లవారి ఐదింటికి, పగలు మూడింటికి, పైన ఒకసారి, నిలువు లోతులో ఒకసారి కొలిచి రాస్తాడు. పక్కన నీళ్ల రంగు, ఆ రోజు మబ్బు, గాలి, చచ్చిన చేపల లెక్క. పోయిన వేసవిలో మూడు రోజులు మబ్బు పట్టి, నీళ్లు చిక్కటి ఆకుపచ్చకు తిరిగినప్పుడు నాకు ఫోను చేయకముందే మోటారు పెట్టించాడు. నేను వెళ్లేసరికి బొచ్చెలు లోతుకు దిగిపోయి ఉన్నాయి, ఆయన తెప్ప మీద కూర్చొని తాడు ముడులు లెక్కపెడుతున్నాడు.